వెనక సీటు కింద నీలం సంచి

సమస్త బంధుజనానికీ, అందులో ముఖ్యంగా మా అక్కగారికీ తెలియజేయడమేమనగా: ఈ నెల మూడో తారీఖు నుంచి నేను ఎడమ పాపిడి మానేసి కుడి పాపిడి తీస్తున్నాను. పాపిడి తీసేంత జుట్టు మిగిలిందా అన్న ప్రశ్నకు జవాబు ఇవ్వబడదు. మూత ఊడిన సబ్బుపెట్టె నాదేనని నీ మరదలు ఎట్టకేలకు ఒప్పుకుంది. ఈ రెండు విషయాల మీద అభ్యంతరాలున్నవారు పదిహేను రోజుల్లోగా రాతపూర్వకంగా తెలుపుకోవలెను. గడువు దాటితే పాపిడీ నాదే, సబ్బుపెట్టే నాదే.

అక్కకు నమస్కారాలు. ఇక్కడ నేనూ, నీ మరదలూ, నా మోకాలూ ముగ్గురం బాగానే ఉన్నాం. మోకాలు మాత్రం మెట్లెక్కేటప్పుడు అచ్చం నీ మరదల్లాగే సణుగుతోంది. నువ్వూ బావా కులాసాగానే ఉండి ఉంటారు. లేకపోతే ఒకే ఉత్తరంలో పదకొండు ప్రశ్నలు వేసే ఓపిక నీకెక్కడిది?

జవాబులు వరసగా రాస్తున్నాను. మందులు వేసుకుంటున్నాను. భోజనానికి ముందు వేసుకోవాల్సినవి ముందు, తర్వాతవి తర్వాత, ఏవేవో గుర్తులేని రోజున అన్నీ మధ్యలో. నీ మరదలితో పోట్లాట తగ్గింది, ఆవిడకు గొంతు పట్టేసింది. ఆఫీసులో వెధవ్వేషాలు మానేశానా అని అడిగావు. అది కింద వస్తుంది, చదివి నువ్వే తేల్చుకో. మీ యూనిఫారాల ఫ్యాక్టరీలో కొత్త కత్తెర మిషను దిగిందనీ, గుడ్డ కత్తిరించే మాస్టర్లను తగ్గిస్తారేమోననీ రాశావు. నిన్నెవడూ తగ్గించడు. నువ్వు సుద్దముక్కతో గుడ్డ మీద గీసిన గీత చూస్తే ఆ మిషనే సిగ్గుతో చస్తుంది.

ఇక పదకొండో ప్రశ్న. నువ్వు రాసింది రాసినట్టే ఇక్కడ దించుతున్నాను, తర్వాత నేనలా రాయలేదని నువ్వు అనకుండా.

"ఒరేయ్, మీ కౌంటరు నుంచి నా ఫోనుకు మెసేజు వచ్చింది. 'నీలం గుడ్డసంచి, చెక్క పిడులు, లోపల డ్రాయింగు షీట్లు ఆరు. దొరికిన చోటు: వెనక సీటు కింద, జాకీ పెట్టె వెనకాల. పదిహేను రోజుల్లోగా వచ్చి గుర్తులు చెప్పి తీసుకెళ్లగలరు' అని ఉంది. ఇది నా సంచేనా? ముప్ఫై నాలుగేళ్ల తర్వాతా? ఆ గళ్ల చొక్కావాడే తెచ్చిచ్చాడా? అయినా మనం కూర్చున్నది మూడో వరసలో కదరా, సంచి వెనక సీటు కిందకి ఎలా పోయింది? వచ్చే గురువారానికి సెలవు పెట్టాను. టికెట్ కూడా తీశాను. ఎవరికీ ఇవ్వకు."

"ఎవరికీ ఇవ్వకు" కింద రెండు గీతలు గీశావు. స్కేలు లేకుండానే తిన్నగా వచ్చాయి.

సంచి పట్టుకెళ్లాడన్న ఆ గళ్ల చొక్కావాణ్ణి నువ్వింకా వదల్లేదన్నమాట. వదలవని నాకు తెలుసు. బావ నీకు మొదటిసారి గళ్ల చొక్కాలో కనబడ్డ పాపానికి రెండు వారాలు మాట్లాడలేదు నువ్వు. ఆ తర్వాత ఆయన జీవితమంతా గీతల చొక్కాలతోనే గడిచిపోతోంది, పాపం.

ఫోన్ చేసి చెప్పేద్దామనుకున్నాను. కానీ ఫోన్లో నా గొంతు నీకు దొరికిపోతుంది. నేను "అక్కా" అని పూర్తిగా అనకముందే "ఏం చేశావురా?" అంటావు. అందుకని ఉత్తరం. ఇది గురువారం లోపే నీకు చేరేలా తొందర టపాలో వేస్తున్నాను. జరిగిందంతా మొదటినుంచీ చెప్పాలి. చెప్పాలంటే ముందు నీకర్థమై చావాలి కదరా అంటావు. వచ్చిన చిక్కల్లా అక్కడే.

మా డిపోలో పోయిన వస్తువుల కౌంటరు నేనూ తాళాలాయనా కలిసి ఇరవై రెండేళ్లుగా నడుపుతున్నాం. తాళాలాయనంటే గోదాము తాళాలు నడుముకు వేలాడదీసుకుని తిరిగే మా గుమాస్తా. ఆయన వస్తుంటే చప్పుడు ముందొస్తుంది, నవ్వు మాత్రం ఎప్పుడూ రాదు. జనం బస్సుల్లో మరిచిపోయినవన్నీ మా దగ్గరికే చేరతాయి. గొడుగులు, గిన్నెలు, ఒంటి చెప్పులు, పళ్ల సెట్లు. ఒకసారి చంకకర్ర ఒకటి వచ్చింది. కుంటుకుంటూ ఎక్కినవాడు కర్ర లేకుండా ఎలా దిగాడో తెలీదు. ఆ బస్సు నంబరు రాసిపెట్టుకున్నాను, నా మోకాలు మరీ మొండికేస్తే ఎక్కుదామని.

నాలుగేళ్ల కిందట మా రిజిస్టర్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాం. ఒక పట్టికలో గోదాముకు చేరిన వస్తువులు. ఇంకో పట్టికలో మాది పోయింది బాబోయ్ అని వచ్చి చెప్పుకున్న మనుషులు, వాళ్ల ఫోను నంబర్లు. ఈ రెండు పట్టికలూ ఎదురుబొదురు ఇళ్లల్లో ఉంటూ మొహాలు చూసుకోని దాయాదుల్లా ఉండేవి. మనిషి వస్తే మేమే లేచి, వెతికి, గుర్తులడిగి ఇచ్చేవాళ్లం.

మా డిపో మేనేజరు పెద్దసారుకు ఉన్నట్టుండి వెబ్‌సైటు మీద మనసు పడింది. జనం ఇంట్లోనే కూర్చుని తమ వస్తువు దొరికిందో లేదో చూసుకోవాలట. దొరికితే వాళ్ల ఫోనుకు మెసేజు వెళ్లాలట. అందుకోసం ఒక కంప్యూటరావిడను పిలిపించారు. ఆవిడ మా కంప్యూటర్లో ఏదో ఎక్కించి చెప్పింది: "దీంట్లో కోడ్ రాసే పనే లేదండీ. అన్నీ బొమ్మలే. లాగి పెట్టుకోవడం, గీతతో కలుపుకోవడం, అంతే. మీ ఆఫీసువాళ్లే చేసుకోవచ్చు."

ఎవరు చేస్తారని పెద్దసారు గదంతా కలయజూశారు. తాళాలాయన తన తాళాలు లెక్కపెట్టుకోవడం మొదలెట్టాడు. తొమ్మిదో తరగతి రెండుసార్లు చదివిన అనుభవం గదిలో నాకొక్కడికే ఉంది.

ఆవిడ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. తెర మీద తెల్ల కాగితంలాంటిది, దాని మీద రెండు పెట్టెలు.

"ఈ ఎడం పక్కది మీ వస్తువుల పట్టిక. కుడి పక్కది మనుషుల పట్టిక. మౌసుతో పట్టుకుని దీన్నుంచి దానికి గీత లాగండి. దాన్ని సంబంధం అంటాం."

"సంబంధం కుదర్చడం ఇంత సులువా? మధ్యవర్తి చెప్పులరిగేలా తిరగక్కర్లేదా?"

"అక్కర్లేదు. ఇప్పుడు ఒకరికి అనేకం అని పెట్టండి."

"అమ్మా, నేను సంసారిని. ఇంట్లో తెలిస్తే కాళ్లు విరగ్గొడుతుంది."

ఆవిడ నవ్వలేదు. తాళాలాయన చెల్లెలేమోనని అనుమానమొచ్చింది. "ఒక మనిషి చాలా వస్తువులు పోగొట్టుకోవచ్చండీ. ఒక వస్తువు మాత్రం ఒక్క మనిషిదే. అదీ లెక్క" అంది.

నేర్చుకోవడానికి రెండు చిన్న ఉత్తుత్తి పట్టికలిచ్చి, బుధవారం మళ్లీ వస్తానని వెళ్లిపోయింది. అప్పటికి సోమవారం ఉదయం పదకొండైంది. నా బుర్ర గానుగెద్దులా తిరుగుతోంది. ఏ పెట్టె ఏమిటో, ఏ బాణం ఎటుపోతుందో. పక్కనున్న అలమారలాంటి దాంట్లోంచి ఒక మీటను పట్టుకుని లాగితే అది పిల్లిపిల్లలా వెంటపడొచ్చి పేజీ మీద కూర్చుంది. అది బాగుంది. కానీ ఆ గీత మాత్రం నా చేతికి రాలేదక్కా. లాగిన ప్రతిసారీ మధ్యలోనే తెగి పడిపోతుంది. నువ్వు పక్కనుంటే మొట్టికాయ వేసి లాగేసేదానివి. చివరికి ఆ మిషనుకే జాలేసినట్టుంది, తనే ఒక చుక్కల గీత చూపించి అడిగింది: రెండు పట్టికల్లోనూ నంబరు అనే గడి ఉంది, దాన్నీ దీన్నీ కలపమంటావా అని.

కలుపు నాయనా, నీకు పుణ్యముంటుంది అన్నాను.

ఇక పరీక్ష. ఉత్తుత్తి వస్తువులు మూడు రాయాలి. ఒకటి: పెద్దసారుగారి ఓర్పు. రెండు: తాళాలాయన నవ్వు. మూడు: నా జుట్టు. పక్క పట్టికలో మనుషులు కూడా అదే వరసలో: ఒకటి పెద్దసారు, రెండు తాళాలాయన, మూడు నేను. ఆకుపచ్చ మీట నొక్కాను. మంత్రం వేసినట్టు పేజీ తెరుచుకుంది. ఓర్పు పెద్దసారు పక్కన, నవ్వు తాళాలాయన పక్కన, ఎవరిది వాళ్ల పక్కన బుద్ధిగా కూర్చున్నాయి. నా కళ్లమ్మట నీళ్లొచ్చాయి. తొమ్మిదో తరగతి లెక్కల మాస్టారు ఉంటే పిలిచి చూపించేవాణ్ణి.

ఆ ఊపులో ఉత్తుత్తి పట్టికలు తీసేసి అసలు పట్టికలు పెట్టి, "దొరికిందని తెలుపు" అన్న మీట కూడా నొక్కేశాను. రెండు వందల పన్నెండు మెసేజులు వెళ్లిపోయాయి. ఉత్తుత్తివాటికి కూడా ఆ మీట ముందే ఒకసారి నొక్కానని పెద్దసారు గదిలోంచి కేక వినబడ్డాకే తెలిసింది. ఆయన ఫోన్లో ఇలా ఉంది: "మీ ఓర్పు, ఒకటి. దొరికిన చోటు: క్యాంటీను వెనక. పదిహేను రోజుల్లోగా వచ్చి గుర్తులు చెప్పి తీసుకెళ్లగలరు."

గుర్తులు ఆయన చాలానే చెప్పారు. అవి ఉత్తరంలో రాసేవి కావు.

అసలు గొడవ మంగళవారం పొద్దున్న మొదలైంది. తలుపు తీసేసరికి క్యూ గేటు దాకా ఉంది. నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే అక్కా, మనుషుల పట్టికలో నంబరంటే వాళ్లు మా కౌంటరుకు వచ్చిన వరస. వస్తువుల పట్టికలో నంబరంటే అవి గోదాములోకి వచ్చిన వరస. ఆ వరసకీ ఈ వరసకీ ఏ చుట్టరికమూ లేదు. నేను వాటికి ముడిపెట్టేసరికి నలభై ఒకటో మనిషికి నలభై ఒకటో వస్తువు అంటగట్టేసింది. ఉత్తుత్తి పరీక్షలో రెండు వైపులా ఒకే వరసలో రాసుకున్నాను కాబట్టి కలిసొచ్చింది. అసలువాళ్లు నా వరసలో పోగొట్టుకోలేదు మరి.

చెవి మిషను పోగొట్టుకున్న ముసలాయనకు ఆటల్లో ఊదే ఈల వచ్చింది.

"ఏంటిది?" అన్నాడు.

"ఈల అండీ."

"ఆఁ?"

"ఈలండీ, ఈల!"

"ఆఁ?"

విసుగెత్తి గట్టిగా ఊదాను. తాళాలాయన ఎగిరిపడ్డాడు. ముసలాయన మొహం విచ్చుకుంది. "ఇది వినబడింది! ఇదే ఇవ్వు, మా కోడలికి ఇస్తాను, నన్ను పిలవడానికి" అని ఒకటే గొడవ.

గోడగడియారం పోగొట్టుకున్న ఫొటోగ్రాఫరుకు చంకకర్ర తగిలింది. "నాకు రెండు కాళ్లూ బానే ఉన్నాయి కదయ్యా!" అని మీదికొచ్చాడు. "పోట్లాట ఇలాగే సాగితే మనిద్దరిలో ఎవరికో ఒకరికి పనికొస్తుంది, అక్కడే పెట్టండి" అన్నాను.

చివర్లో ఒక పెద్దావిడ మిగిలింది. రిటైరైన టీచరు. పోయింది గొడుగు, మెసేజు వచ్చింది పక్షి పంజరానికి. రెండు బస్సులు మారి వచ్చిందట.

"ఇది మీది కాదు కదమ్మా, మా వల్ల పొరపాటైంది" అన్నాను.

"తెలుసు నాయనా. పంజరమనే రాసి ఉంది కదా అందులో."

"మరి తెలిసీ ఇంత దూరం ఎందుకొచ్చారమ్మా?"

"నాకు పోయినవి చాలా ఉన్నాయి. దొరికింది అని ఒక్కరూ రాయలేదు ఇన్నాళ్లూ. రాసింది ఎవరో చూసిపోదామని వచ్చాను" అంది.

నీ తమ్ముడి నోట్లోంచి జోకు రాలేదక్కా. వెతికాను, రాలేదు. గోదాములోంచి మంచి గొడుగొకటి తెచ్చి నిబంధనలకు విరుద్ధంగా ఇచ్చేశాను. తాళాలాయన చూసి, తల అటు తిప్పుకున్నాడు.

బుధవారం కంప్యూటరావిడ వచ్చి తెర చూసి నెత్తి పట్టుకుంది. "నంబరుకు నంబరు ఎవరు కలిపారండీ?"

"అదే అడిగిందమ్మా, కలపమంటావా అని."

"అది అడుగుతుందండీ. రెండు చోట్లా పేరొకటే కనబడింది కాబట్టి అడిగింది. ఏది ఎవరిదో దానికేం తెలుసు? తెలిసినవాళ్లు చెప్పాలి." అని వస్తువుల పట్టికలో 'ఎవరిది' అని కొత్త గడి పెట్టి, దాన్నుంచి మనుషుల పట్టికకు ఒక్క లాగులో గీత లాగింది. నీ గీతలా ఉంది.

పెద్దసారు నాకు మెమో ఇచ్చారు. ఓర్పు వాపసు ఇస్తానన్నా తీసుకోలేదు.

కాబట్టి అక్కా, నీకొచ్చిన మెసేజు కూడా ఆ తప్పు గీత పుణ్యమే. పరీక్ష కోసం నీ పేరూ ఫోను నంబరూ మనుషుల పట్టికలో వేశాను, ఎవరిదో నీలం సంచి నీకొచ్చి తగులుకుంది. నీలం సంచులు లోకంలో లక్ష. టికెట్ రద్దు చేసుకో.

అని రాసి, నిన్న సాయంత్రం ఈ ఉత్తరం ఇక్కడితో ముగించేశాను. కవరులో పెట్టి అంటించేశాను కూడా. పొద్దున్నే మళ్లీ చింపాను. ఎందుకంటే నువ్వు తేదీలు చూస్తావు. మెసేజులు తప్పుగా వెళ్లింది సోమవారం. గీత సరిచేసింది బుధవారం. నీకు వచ్చింది శుక్రవారం. పైగా ఎవడిదో సంచిలో డ్రాయింగు షీట్లు సరిగ్గా ఆరే ఎందుకుంటాయి?

శుక్రవారం మధ్యాహ్నం తాళాలాయన భోజనానికి వెళ్లాడు. నేనొక్కణ్ణే ఉన్నాను. కొత్త గీత పనిచేస్తోందో లేదో చూద్దామని ఒక వస్తువు రాశాను. వస్తువు: నీలం గుడ్డసంచి, చెక్క పిడులు, డ్రాయింగు షీట్లు ఆరు. ఎవరిది: నీ పేరు. దొరికిన చోటు అన్న గడి దగ్గర చెయ్యి ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. వెనక సీటు కింద, జాకీ పెట్టె వెనకాల అని గబగబా కొట్టేసి మీట నొక్కేసింది. నేను చెప్పలేదు దానికి. ఆటపట్టించడానికి చేశానా, నిన్ను రప్పించడానికా, నువ్వు అడగాలని చేశానా, ఆ పెద్దావిడ మాట పట్టుకుని చేశానా? వారం నుంచీ తవ్వుకుంటున్నాను, తేలడం లేదు. ఇన్నేళ్లలో నేను చేసిన వేషాల్లో నాకే అర్థంకానిది ఇదొక్కటే.

మా గోదాములో నీలం సంచి లేదక్కా. ఉద్యోగంలో చేరిన మొదటి రోజే, నీ సంచి పోయిన ఏడాది రిజిస్టరు తీసి చూశాను. అప్పుడూ లేదు.

ఇక నువ్వడిగిన ప్రశ్న. మూడో వరసలోంచి వెనక సీటు కిందకి ఎలా పోయిందని. నేను పెట్టాను.

నువ్వు రెండు రాత్రులు కూర్చుని ఆరు షీట్లు గీశావు, సర్వే ఆఫీసులో పటాలు గీసే ఉద్యోగానికి చూపించడానికి. బస్సెక్కగానే కిటికీకి తల ఆనించి నిద్రపోయావు. నాకు పదమూడేళ్లు, ఏమీ తోచలేదు. నీ పక్కనుంచి సంచి తీసి వెనకకు తీసుకెళ్లి జాకీ పెట్టె వెనక దూర్చాను. దిగే ముందు "అక్కా, సంచేదీ?" అని అడిగి, నీ మొహం చూసి నవ్వుకుని, తెచ్చిద్దామని. ఈలోగా కండక్టరు దిగేవాళ్లు దిగాలి దిగాలి అని అరిచాడు. నువ్వు ఉలిక్కిపడి లేచి నా చెయ్యి పట్టుకుని లాక్కుంటూ దిగిపోయావు. నేను నవ్వుతూనే దిగాను. నీకింకా తెలియలేదని నవ్వు.

బస్సు కదిలాక నువ్వు నీ చేతులు చూసుకున్నావు. "సంచేదిరా?" అన్నావు. బస్సు ఇంకా మలుపు దాకా పోలేదు. ముందు బండేదో అడ్డముంది, ఆగి ఉంది. పరిగెడితే దొరికేది. నిజం చెబితే చంపేస్తావని నాకు భయం వేసింది. చెయ్యి చాపి అటు, సందు వైపు చూపించాను. నువ్వు అటు పరిగెత్తావు. బస్సు ఇటు పోయింది.

ఆ ఉద్యోగం నీకు రాలేదని అందరం బాధపడ్డాం. నేను కూడా బాధపడ్డట్టు నిలబడ్డాను. నువ్వు సుద్దముక్క పట్టుకుని గుడ్డల మీద గీతలు గీస్తుంటే, "మా అక్క గీత చూడండి" అని నలుగురికీ చూపించి గొప్పలు పోయాను. ఆ గొప్పలు విన్నప్పుడల్లా నువ్వు నా నెత్తి మీద మొట్టేదానివి. గట్టిగా మొట్టేదానివి కాదు. అదే బాధ.

గురువారం రావాలో వద్దో నేను చెప్పను. టికెట్ నీది, సెలవు నీది. సంచి మాత్రం లేదు. అది పెట్టినవాడు పది నుంచి ఐదు దాకా కౌంటరులో ఉంటాడు. గుర్తులు: కుడి పాపిడి, ఒక మోకాలు సరిగా లేదు. వస్తే చెయ్యి నీదే, నెత్తి నాదే. ఈసారి గట్టిగానే మొట్టు.

రాకపోతే మాత్రం ఒక్క పని చేసిపెట్టు. బావకు మంచి గళ్ల చొక్కా ఒకటి కొను. పెద్ద పెద్ద గళ్లది, కంటికి కొట్టొచ్చేది. ఇన్నాళ్లూ నువ్వు రోడ్డు మీద వెతికిన ఆ మనిషి, సంచి చంకలో పెట్టుకుని సందులోకి మళ్లాడని నేను చెప్పిన ఆ మనిషి, వాణ్ణి ఆ క్షణాన నేనే పుట్టించాను. ఆ రోజు ఆ బస్సులో గళ్ల చొక్కా వేసుకున్నవాడు ఒక్కడు కూడా లేడక్కా.

ఇట్లు,
నీ పక్క సీట్లోనే కూర్చున్న
తమ్ముడు